శకునం చెప్పే స్టార్టరు

గ్యాస్ లైటర్లు తయారుచేసేవాళ్లు ఎప్పుడూ వంట చెయ్యరని నా అనుమానం. కొన్న కొత్తలో ఒక్క నొక్కుకే పొయ్యి వెలుగుతుంది. తర్వాత టక్కుమంటుంది, అంతే. గ్యాసు వస్తూనే ఉంటుంది, ముక్కుకి తెలుస్తూనే ఉంటుంది, మళ్లీ టక్. చివరికి దేవుడి గూటి దగ్గరికి పోయి అగ్గిపెట్టె తెచ్చుకోవాలి. అగ్గిపెట్టె ఉంటుంది, పుల్లలుండవు. ఈ విషయమై మా ఇంట్లో చాలాకాలంగా రెండు పక్షాలున్నాయి. లైటరు మార్చాలని ఒక పక్షం, నొక్కే చెయ్యి మార్చాలని రెండో పక్షం. చెయ్యి నాది.

మొన్న పొద్దున అట్లా నొక్కుతూ ఉంటే మదనపల్లె నుంచి ఫోనొచ్చింది. నేను పెళ్లికి ముందు అద్దెకున్న వీధిలోని బట్టలషాపాయన.

"సార్, మీ పాత ఇంటాయన పొయినాడు సార్."

"ఎప్పుడు?"

"తెల్లారి సూస్తే లేడు. నిద్దట్లోనే. ఇంటమ్మ బాగుండాది."

"అయ్యో" అన్నాను. అనాల్సిన మాట కాబట్టి అన్నాను. ఫోను పెట్టేసి లైటరు నొక్కితే మళ్లీ టక్కుమంది. ఆ మనిషిని తలుచుకోవడానికి అంతకంటే తగిన శబ్దం ఇంకోటి లేదు.

తొంభైల మధ్యలో ఆయన మేడమీది గదిలో ఉండేవాడిని. ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాడిని. చెప్పేవాడినని మాత్రమే అంటాను, పిల్లలు నేర్చుకున్నారని అనను. ఆయన చిన్న నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. మా వైపు నీళ్లు ఏపాటి పారతాయో తెలిసినవాళ్లకి ఆ ఉద్యోగంలో ఏపాటి పని ఉండేదో వేరే చెప్పనక్కర్లేదు. సర్వీసంతా పారని నీళ్లని పర్యవేక్షించడంవల్ల ఆయనకి ఒక విద్య మాత్రం బాగా అబ్బింది. కదలని వస్తువు పక్కన గంభీరంగా నిలబడటం.

అందుకే కాబోలు, రిటైరవగానే కారు కొన్నాడు. సెకండ్ హ్యాండుది. మీగడ రంగు, గుండ్రటి వీపు, లోపల సోఫాలాంటి సీట్లు. కొన్న రోజునుంచి తాళంచెవి ఆయన చూపుడువేలికి నాలుగో కణుపైంది. పాలకి పోయినా వేలికి తాళంచెవి గిరగిరా తిరుగుతూ ఉండేది. పెళ్లి భోజనాల్లో దాన్ని విస్తరి పక్కన, నీళ్ల గ్లాసుకి ఆనించి పెట్టేవాడు. వడ్డించేవాళ్లు పప్పుగరిటెతో దాన్ని దాటుకుని పోవాలి. ఎవరైనా పొరపాటున చూడకపోతే, "ఏమప్పా, తాళంచెవి మీద నెయ్యి పోసేవు" అని గుర్తుచేసేవాడు.

ఇంకో అలవాటు, చెవి పెట్టడం. వీధిలో ఎవరి బండి మొరాయించినా చాలు, బనియను మీదనే దిగి వచ్చేవాడు. అరచెయ్యి ఎత్తి అందరినీ గమ్మున ఉండమని, తల వాల్చి, ఒక కన్ను మూసి వినేవాడు. అప్పుడాయన ముఖం చూస్తే ఇంజను లోపల ఎవరో సంగీతం పాడుతున్నారనుకోవాలి.

"తిప్పు. ఊ. ఏమనింది? టక్కనింది. ఒకే టక్కు. ఇప్పుడు లైట్లెయ్యి. మసకబారినాయా? లేదు గదా! బ్రహ్మాండంగా వెలగతాండాయి. అంటే బ్యాటరీ బాగుండాది. పొయ్యింది స్టార్టరు."

బట్టలషాపాయన కారుకి ఆయన చెప్పిన వైద్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "స్టార్టరు గిర్రున తిరగతా ఇంజను తిరగలేదంటే గేరు పండ్లు పట్టుకోలేదని లెక్క. గర్రుమనిందంటే పండ్లు అరిగినాయని. పొద్దున పట్టి మద్దేనం పట్టకపోతే అది దాని మూడ్ కాదప్పా, జబ్బు. స్పానరుతో నెత్తిన ఒకటిస్తే లేసిందా, ఇంక ఎక్కువ రోజులుండదు. కాలిన వాసనొచ్చిందంటే కర్మకాండకి సిద్ధం చేసుకో. ఈ లోపల్నే ఇప్పించి బాగు చేయించు. నడిమద్దెలో నిలబెడతాది."

అందులో ఒక్క ముక్క తప్పు లేదు. బట్టలషాపాయన బాగు చేయించుకున్నాడు, సుఖపడ్డాడు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. తెలియని మనిషిని చూస్తే జాలిపడొచ్చు. ఈయనకి అన్నీ తెలుసు. తెలిసినవన్నీ ఇతరుల కార్లకే వర్తిస్తాయని కూడా తెలుసు.

పైన చెప్పిన జబ్బులన్నీ ఆయన కారుకి ఉండేవి. గిర్రున తిరిగి ఊరుకుంటే, "ఆలోచన చేస్తాండాది" అనేవాడు. గర్రుమంటే ఎవరో దిష్టి పెట్టారని నిమ్మకాయ మార్చేవాడు. కాలిన వాసన వస్తే పక్కింటి ముసలామె చెత్త తగలబెడుతోందని గోడమీదుగా కేకలేసేవాడు. ఆమె ఒకసారి చీపురు పట్టుకుని వచ్చి, "నా చెత్త నా ఇంట్లోనే ఉండాది నాయనా, నీ చెత్త యాడుండాదో సూసుకో" అనింది. ఆయన ఆ మాట గురించి ఆలోచించినట్టు లేదు.

ఇక ఆ ఒకే ఒక్క టక్కు. అది శకునం.

ఈ సిద్ధాంతం ఆయన సొంతం. బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే లోపలికొచ్చి, కాస్త కూర్చుని, మంచినీళ్లు తాగి పోవడం మన ఇళ్లలో ఉన్నదే. బల్లి పలికినా అంతే. ఆయన దాన్ని కారుదాకా పొడిగించాడు. "బల్లి ఏమంటుంది? టక్ టక్ అంటాది. ఇదేమనింది? టక్కనింది. బల్లి గోడమీదుంటాది, ఇది బానెట్టు కిందుంటాది. పోవద్దని చెప్తాండాది. ఇనాల." ఫిజిక్సు చెప్పేవాడిగా నేనొకసారి, స్టార్టరులో ఆ టక్కుమనే అయస్కాంతపు స్విచ్చి గురించి, సోలినాయిడు అనే మాట ఎత్తాను. ఆయన నా వైపు, ఊళ్లో లేని వాగు మీద వంతెన అడిగిన సర్పంచిని చూసినట్టు చూశాడు.

టక్కుమనగానే అందరూ దిగాలి. ఆయన చెప్పులు విడిచి అరుగుమీద కూర్చునేవాడు. ఆయన భార్య చెంబుతో నీళ్లు తెచ్చేది. తాగి, మూతి తుడుచుకుని, మాట్లాడకుండా తాళంచెవి తిప్పుకుంటూ కూర్చునేవాడు. శకునం తీరిందని తనకే తెలియాలి, ఇంకొకరు చెప్పకూడదు. తీరాక లేచి, ఎక్కి, తిప్పితే చాలాసార్లు స్టార్టయ్యేది! అరిగిన స్టార్టరు గుణమే అది. ఈసారి పట్టదు, చల్లబడ్డాక మరోసారి పడుతుంది. మొక్కులు కూడా ఈ లెక్కనే తీరుతాయి కాబట్టి ఆయన్ని ఒప్పించే దారి మూసుకుపోయింది. స్టార్టు కాగానే ఆయన నా వైపు చూసేవాడు. ఆ చూపు తప్పించుకోవడానికైనా నేను గది ఖాళీ చేసి ఉండాల్సింది.

అప్పటికీ పట్టకపోతే తోయాలి. శకునం తీరకముందు మాత్రం తోయకూడదు, దోషం. అద్దె మాట్లాడుకున్నప్పుడు కరెంటు గురించి, బోరునీళ్ల గురించి మాట్లాడుకున్నాం. తోయడం గురించి అనుకోలేదు. అది చెప్పనక్కర్లేదని ఆయన అనుకున్నాడు, అట్లాంటిదొకటి ఉంటుందని నేననుకోలేదు. మదనపల్లెలో ఏ వీధి ఎటు వాలుగా ఉందో ఆయనకి తెలిసినంతగా మున్సిపాలిటీకి తెలియదు. కల్యాణమండపం ముందు నేల సమంగా ఉంటే ఆ పెళ్లికి భార్యని ఒక్కదాన్నే నడిచి పొమ్మనేవాడు, ముహూర్తం మంచిది కాదని. తోసేటప్పుడు ఆయన స్టీరింగు దగ్గర కూర్చుని, కుడిచెయ్యి కిటికీలోంచి బయటపెట్టి, దారిన పోయేవాళ్లకి ఊపేవాడు. ఇంజను పట్టగానే ఆగేవాడు కాడు, ఆగితే ఆగిపోతుందని. తోసినవాళ్లకి మిగిలేది పొగ.

వీధి చివర షెడ్డులో ఒక మెకానిక్ భాయ్ ఉండేవాడు. ఒకసారి బానెట్టులోకి వంగి చూసి, "స్టార్టర్ ఇప్పి బుష్షులు, బ్రష్షులు ఎయ్యాల సార్. ఒక పూట పని. సాయంత్రానికి ఇచ్చేస్తా" అన్నాడు.

"నువ్వు ఇప్పేస్తావు. ఇప్పినంక అది నోరు తెరిచి చెప్తాదా?"

"ఏం చెప్తాది సార్?"

"నీకు తెల్దులేప్పా."

భాయ్ నా వైపు తిరిగాడు. "ఈ కారుకి మెకానిక్ వద్దు సార్. పూజారిని పిలిపియ్యండి."

ఆయన దాన్ని ఎగతాళి అనుకోలేదు, సలహా అనుకున్నాడు. ఆ శుక్రవారమే చొక్కా చెయ్యి మడిచి, బానెట్టులోకి భుజందాకా దూర్చి స్టార్టరుకి పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టాడు. బొట్టు సరిగ్గా కుదిరిందో లేదో కానీ తెల్లచొక్కాకి గ్రీజు మాత్రం నిండుగా కుదిరింది. దాన్ని ఆమె రెండు పూటలు నానబెట్టి ఉతికింది.

ఆమె గురించి చెప్పాలి. కుప్పం మనిషి. ఎక్కువగా మాట్లాడేది కాదు. మాట్లాడే పని ఆ ఇంట్లో అప్పటికే నిండిపోయి ఉండింది. కుప్పంలో ఆమె తల్లి, చిన్నకొడుకు దగ్గర ఉండేది. కారు లేని రోజుల్లో ఆమె నచ్చినప్పుడు బస్సెక్కి పోయి తల్లిని చూసి వచ్చేదట. కారు వచ్చాక బస్సెక్కడం ఆయన మర్యాదకి తక్కువైంది. కారేమో దూరమంటే శకునం చెప్పేది. అట్లా కారు కొన్నాక ఆమెకి పుట్టిల్లు దూరమైంది.

కుప్పం ప్రయాణం గురించి ఆయన తర్వాత చాలామందికి, తన పద్ధతిలో చెప్పుకున్నాడు. నేను వెనక సీట్లోంచి చూసింది ఇది.

ఎండాకాలం. పొద్దున్నే ఎదురింటి ఫోనుకి ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. అమ్మకి బాగలేదు, నిన్నే అడగతాండాది, తొందరగా రాక్కా అని. నేను కిందికి దిగేసరికి ఆమె చేతిసంచితో గడపలో నిలబడి ఉంది.

"నేను బస్సుకి పోతానండీ. ఇప్పుడొక బస్సుండాది."

"కారు పెట్టుకోని బస్సులో దిగితే మీ తమ్ముడు ఏమనుకుంటాడు? నా ముఖం యాడ పెట్టుకోవాల?"

"వాడేం అనుకోడు."

"నీకు తెల్దు, గమ్మునుండు." నన్ను చూశాడు. "లెక్చరర్ సామీ, కుప్పం సూసిండావా? రా, సూపిస్తా." కుప్పంలో నేను చూడాల్సింది ఏముందో చెప్పలేదు. కారుకి వెనకవైపు ఏం చూస్తానో మాత్రం తెలుసు.

ఇంటిముందు వాలు కాబట్టి, స్టార్టరు జోలికి పోకుండానే ఒక్క తోపుకే బయల్దేరింది; నేను వెంట పరుగెత్తి వెనక సీట్లోకి దూరాను. పుంగనూరు దాకా బాగానే వచ్చాం. బస్టాండు దగ్గర ఆయన బండి పక్కకి తీశాడు.

"జబ్బు మనిషిని సూసేదానికి వట్టిచేతుల్తో పోతామా? చీనీకాయలు తీసుకుందాం."

"మీరు ఇంజను ఆపొద్దండీ, నేను దిగి తెస్తా" అంది ఆమె, అప్పటికే తలుపు తీస్తూ.

"పెట్రోలు నీళ్లనుకుంటివా?" అని తాళంచెవి తిప్పేశాడు. నీళ్ల శాఖలో పనిచేసిన మనిషి పొదుపు మరి. దిగి, ఒక్కొక్క బత్తాయీ వాసన చూసి, తొక్క గిల్లి, బండివాడికి చీనీతోటల పెంపకం గురించి చెప్పి, సంచి నింపుకుని వచ్చాడు. కూర్చున్నాడు. తిప్పాడు.

టక్.

ఆమె కళ్లు మూసుకుంది. ఆయన దిగి, చెప్పులు విడిచి, టీ హోటలు ముందున్న బల్లమీద కూర్చున్నాడు.

"ఇక్కడ మనుషులుండారు సార్, తోస్తాం" అన్నాను.

"శకునం మీద తోస్తారా ఎవురన్నా? సదువుకున్నోడివి."

ఆమె హోటల్లోంచి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఆయన తాగాడు. ఆమె కారు తలుపు పట్టుకుని ఎండలో నిలబడింది. దూర ప్రయాణం కాబట్టి శకునం కూడా పెద్దదే అన్నట్టు ఆయన టీ చెప్పుకున్నాడు. నేను కూడా ఆ బల్లమీదే కూర్చుని, ఆయన వేలిమీద తిరిగే తాళంచెవిని చూస్తూ ఉన్నాను.

అంతలో ఒక జీపు వచ్చి ఆగింది. డ్రైవరు టీ తాగి ఎక్కి తిప్పితే టక్కుమంది. మళ్లీ తిప్పాడు, టక్. మా ఇంటాయన టీ గ్లాసు కింద పెట్టాడు. లేచాడు. అరచెయ్యి ఎత్తాడు.

"ఉండప్పా. లైట్లెయ్యి. ఆ, వెలగతాండాయి. బ్యాటరీ బాగుండాది. పొయ్యింది స్టార్టరు. స్పానరుండాదా? ఒకరు కిందికి దూరి దాని నెత్తిన మెల్లిగా కొట్టాల, ఒకరు తాళం తిప్పాల. మెల్లిగా! కల్లు కుండ కాదు పగలగొట్టేదానికి. ఆ. ఇప్పుడు తిప్పు."

జీపు స్టార్టయ్యింది. డ్రైవరు నమస్కారం పెట్టాడు. "ఊరికి పొయ్యేలోపల ఎక్కడా ఆపొద్దు. పోగానే ఇప్పించు" అని వీపు తట్టి పంపించి, వచ్చి మళ్లీ బల్లమీద కూర్చున్నాడు.

ఉండబట్టలేక అన్నాను. "సార్, మన దగ్గర కూడా స్పానరుంది."

"ఉంటే?"

"మనదీ ఒకసారి కొట్టి చూద్దాం."

"ఆ జీపు ఎవురిదో. దానికీ మనకీ సంబంధమేముండాది? దానిది రిపేరు. మనది సెప్తాండాది."

అప్పుడొచ్చింది బస్సు. మదనపల్లె నుంచే వచ్చింది, కుప్పం బోర్డు పెట్టుకుని. ఆమె సంచి తీసుకుని రోడ్డు దాటింది. నేనూ లేచాను. "అమ్మగారిని ఎక్కించేస్తాను సార్. మనం వెనకాల పోదాం."

ఆయన కూర్చున్నచోటునుంచే, గొంతు పెంచకుండా అన్నాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు, ఆ అవసరం ఆయనకి పడలేదు.

"పో. శకునం కాదని పో. నువ్వు పొయ్యి ఆడ మీ యమ్మకి ఏమన్నా అయితే ఆ పాపం నీది. నన్ననొద్దు."

ఆమె ఒక కాలు బస్సు మెట్టుమీద పెట్టి ఉంది. కండక్టరు "ఎక్కమ్మా, ఎక్కు, యాలైతాంది" అన్నాడు. ఆమె కండక్టరుని చూసింది, బల్లమీది మనిషిని చూసింది. కాలు దించింది. కండక్టరు ఈల వేశాడు, బస్సు వెళ్లిపోయింది. ఆమె తిరిగి వచ్చి కార్లో కూర్చుని చీనీకాయల సంచి ఒళ్లో పెట్టుకుంది.

ఇంకో టీ తర్వాత ఆయనకి శకునం తీరింది. తిప్పగానే స్టార్టయ్యింది. నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి పుంగనూరుని చూశాను.

పలమనేరులో ఆపలేదు. ఎక్కడా ఆపలేదు. దారంతా ఆయన కారు ఎంత మెత్తగా పోతోందో వర్ణించాడు. కుప్పం పొలిమేరల్లో ఒక బస్సు ఎదురొచ్చింది. అదే బస్సు, అదే కండక్టరు ఫుట్‌బోర్డు మీద. అప్పటికే ఊళ్లోకి పోయి, దించాల్సినవాళ్లని దించి, ఎక్కాల్సినవాళ్లని ఎక్కించుకుని తిరిగి పోతోంది. ఆమె తల తిప్పి అది కనుమరుగయ్యేదాకా చూసింది.

ఇంటిముందు చెప్పులు చాలా ఉన్నాయి. మగవాళ్లు వీధిలో నిలబడి ఉన్నారు. తమ్ముడు ఎదురొచ్చాడు, ఏడ్చిన కళ్లతో.

"ఇప్పుడేక్కా. ఇంతకు ముందే. కడ దాకా అక్క వచ్చెనా, అక్క వచ్చెనా అని వాకిలి పక్కే సూస్తా ఉండె. బస్సు వచ్చిందంటే నువ్వు దిగింటావని బస్టాండుకి గూడా పొయ్యొస్తి. ఎందుకింత ఆలస్యం?"

ఆమె చీనీకాయల సంచి తమ్ముడి చేతిలో పెట్టి లోపలికి పోయింది. లోపలినుంచి ఒక్కసారి ఏడుపు లేచింది. అందులో ఆమె గొంతు ఏదో నాకు తెలియలేదు. ఆ గొంతు నేను అంతగా విని ఉండలేదు.

బయట ఎవరో మా ఇంటాయనకి కుర్చీ వేశారు. అల్లుడు కదా. ఆయన కూర్చుని, తాళంచెవి వేలికి తగిలించుకుని, నిట్టూర్చాడు.

"నాకు పుంగనూర్లోనే తెలుసప్పా."

చుట్టూ ఉన్నవాళ్లు దగ్గరికి జరిగారు.

"ఏం తెలుసు బావా?" అన్నాడు తమ్ముడు.

"తిప్పుతానే టక్కనింది. ఒకే టక్కు. రోజూ అనేది వేరే, ఇది వేరే. నా గుండెలో కళుక్కుమనింది. అప్పుడే అనుకుంటి, ఆడ ఏదో జరగతాండాదని. అంతసేపు ఎందుకు కూసుంటిననుకుంటివి? అది పోనీలేదు. సావుని ముందే సెప్పింది, సూడు. పోవాల్సిన జీవి పొయ్యినంకనే వదిలింది నన్ను."

పెద్దవాళ్లు తలలూపారు. "అవునప్పా, శకునం ఊరికే పోదు" అన్నాడొక ముసలాయన. ఇంకొకాయన లేచి పోయి, బానెట్టుమీద చెయ్యి వేసి కారుని భక్తిగా చూసి వచ్చాడు. ఒక గృహస్థుకి అత్త చనిపోయిన రోజున అంత గౌరవం దక్కడం నేను మళ్లీ చూడలేదు. ఆయన కథ మొదటినుంచి ఎత్తుకున్నాడు, కొత్తగా వచ్చినవాళ్ల కోసం. ఈసారి కళుక్కుమనడం రెండుసార్లయ్యింది.

అప్పటికి ఆమె వాకిట్లోకి వచ్చి నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి వింటోందో తెలియదు. జుట్టు రేగి ఉంది, కళ్లు మాత్రం తడి లేకుండా ఉన్నాయి. ఆయన మాట ముగిసేదాకా ఆగింది. అప్పుడు తమ్ముడి వైపు తిరిగి, వీధిలో అందరికీ వినపడేట్టు చెప్పింది.

"పుంగనూర్లో బస్సొచ్చింది రా. సీట్లు గూడా ఉండె."